మన జిల్లాల మందకాపరులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగము)

 

పశుపోషణను గూర్చి మాట్లాడవలసినదని నన్ను పిలిచిరి. మేలుజాతి పశువులు, పాల దిగుబడి, పచ్చిమేత మొదలగు విషయములను నాకంటె చక్కగా చెప్పగలవారు మీ ముందునకు రానున్నారు. నేను పశువైద్యశాఖలో చిన్న ఉద్యోగమున చేరి, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోనే తిరిగి, ఇక్కడనే విరమించినవాడను. కావున నేను పశువులకంటె వాటి వెంట నడచు మనుష్యులను గూర్చి చెప్పెదను. మీలో అనేకుల ఊరిచివర గొల్లవీధి యొకటి యుండును. లేదా పొలిమేర ప్రక్కన ఇరువది ముప్పది ఇండ్ల పేట యొకటి యుండును. ఆ పేట చరిత్ర యేమి, దాని భూగోళ మేమి అని మన మెన్నడైన అడిగితిమా?

నేనొకసారి అడిగితిని. సువర్ణముఖి యొడ్డునకు చేరువనున్న యొక పేటలో గొఱ్ఱెలకు టీకాలు వేయుచు, పెద్దవయసు కాపరి నొకనిని, "తాతా, మీ ఊరి హద్దు లెక్కడినుండి యెక్కడికి?" అంటిని. ఆయన నవ్వి, "ఏటి సెప్పీది బాబూ! మా ఊరు ఏడాదిలో సగం నడుస్తునే ఉంటాది" అనెను. హాస్యమునకు అన్నాడనుకొంటిని. పిమ్మట కొన్ని సంవత్సరములు ఆ మందల వెంట తిరిగినపుడు ఆ మాటలో హాస్యము లేదని తెలిసినది. ఇండ్లున్న చోటు ఆ ఊరిలో చిన్న భాగము మాత్రమే. కొండవాలు, గెడ్డ యొడ్డు, చెరువుగట్టు, కోతలైన వరిమడి, వీటినన్నిటిని కలుపు బాట, ఇవన్నియు కలిసి ఆ ఊరు. ఇండ్లకు పట్టాలున్నవి. మిగిలినదానికి ఏ పట్టాయును లేదు.

ఆ ఊరి భూగోళమును తెలియుటకు మన సీమను కొంచెము ఎత్తునుండి చూడవలెను. పడమటను వాయవ్యమునను తూర్పుకనుమలు నిలిచియున్నవి. సాలూరు, పాచిపెంట, కురుపాము, సీతంపేట కొండలు ఆ వరుసలోనివే. ఉత్తరమున ఒడిస్సా సరిహద్దు నంటి 1,501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి యున్నది. అక్కడ కొండలు సముద్రమునకు దగ్గరగా వచ్చి మందస, టెక్కలి ప్రాంతములలో మైదానమును ఇరుకు చేసినవి. దక్షిణమునకు వచ్చుకొలది మైదానము వెడల్పగును. వంశధార కళింగపట్నము వద్దను, చంపావతి కోనాడ వద్దను సముద్రమున కలియుచున్నవి. నాగావళి శ్రీకాకుళపట్టణమును దాటి కడలి చేరును. వేగవతి, సువర్ణముఖి, జంఝావతి నాగావళికి ఉపనదులు. ఈ నదులలోనికి కొండలనుండి దిగు గెడ్డలు లెక్కకు మించియున్నవి. మెట్టకును పల్లమునకును నడుమ చిన్నచిన్న చెరువులు వేలకొలది తవ్వి, మన పూర్వులు వరి పండించిరి.

ఇట్టి సీమలో మేతయన్నది ఒకేచోట ఏడాది పొడవునా దొరకదు. వానకాలమున పల్లపుభూమి యంతయు వరితో నిండియుండును. అప్పుడు పచ్చిక కొండవాలులందును బంజరులందును ఉండును. పుష్యమాసము నాటికి కొండగడ్డి ఎండి ముదురును. ఆ సమయమున పల్లపుమళ్లలో కోతలై మోడులును, గట్లపై గడ్డియు మిగులును. కావున మంద వానకాలమున ఎగువకును, కోతల పిమ్మట దిగువకును నడచుట ప్రకృతి విధించిన నియమము. ఊరికే తిరుగుట ఇష్టమై గొల్లలు తిరుగుచున్నారని కొందరు రైతులు తలంతురు. ఎండలో రోజునకు నాలుగైదు కోసులు నడచుట యెవరికి ఇష్టము?

మైదానమున ఈ వృత్తి ముఖ్యముగా యాదవులది, అనగా గొల్లలది. దక్కను పీఠభూమిలో కురుమలు పెంచునట్టి ఉన్నిగొఱ్ఱె లిక్కడ లేవు. ఇచ్చటివి పొట్టివెండ్రుకల మాంసపు గొఱ్ఱెలు. గొంగళికి బదులు ఇక్కడి కాపరి చేతిలో కఱ్ఱ, వానకు తాటాకు గిడుగు, మూటలో చోడి అంబలి పోసిన పాత్ర. అమ్మకమునకు వచ్చునవి పొట్టేళ్లు. కాని పూర్వము మంద యొక్క విలువ పొట్టేళ్లలో కంటె ఎరువులో ఎక్కువగా నుండెడిది.

ఈ ఎరువు సంగతి కొంచెము వివరింతును, ఏలనన మన యువరైతులలో అనేకులు దీనిని చూచియుండరు. కోతలైన పొలములో రైతు మందను రాత్రి యుంచుకొనును. తడికలతో చుట్టును దొడ్డి కట్టి, మరునాడో ఆ మరునాడో దానిని ప్రక్కకు జరుపుదురు. ఇట్లు కొన్ని రాత్రులలో మడియంతయు పరచినట్లు పెంటికలు పడును. పెంటకుప్పలో మూత్రము నేలలో ఇంకిపోవును, సారము గాలిలో కలియును. మంద కట్టిన పొలములో మూత్రము పడిన చోటనే యుండి పైరునకు అందును. బండికూలి లేదు, మోతకూలి లేదు. దీనికి ప్రతిగా రైతు కాపరులకు ధాన్యము కొలిచి, రాత్రి భోజనము పెట్టుచుండెడివాడు. ఇప్పుడు కొన్నిచోట్ల రొక్కము ఇత్తురు. ఎవరి పొలములో ముందు, ఎవరి పొలములో తరువాత యనుదానికి వాదులాటలు జరిగిన రోజులను నే నెఱుగుదును. ఎరువుబస్తా చవుకయైన పిమ్మట ఆ వాదులాట ఆగెను. దానితోపాటు గొల్లవానికి ఊరిలోనున్న పలుకుబడియు తగ్గెను.

కొండలలోని సంగతి వేరు. ఏజెన్సీ ప్రాంతమున గౌడులను చిన్న గిరిజనతెగ యొకటి కలదు. వీరిని మైదానమందలి కల్లుగీత గౌడులతో కలిపి చూడరాదు, వీరు పశుకాపరులు. ఏజెన్సీ ప్రాంతపు గౌడులు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరియున్నారు. ఒడిస్సా వైపునుండి వచ్చిన పశుపాలకుల శాఖ వీరిదని, ఒరియా సంబంధమైన మాట వీరిలో వినబడుననియు పరిశీలకులు వ్రాసిరి. వీరు సొంతపశువులతో పాటు ఇరుగుపొరుగు గూడెముల పశువులను కూడ తోలుకొని మేపుదురు. తెల్లవారుసరికి ఇంటింటి పశువులు ఒక్కచోట చేరుట, చెక్కగంటల చప్పుడు కొండచరియలో వినబడుట, చూడదగిన దృశ్యము. పాచిపెంట కొండలలో మొదటిసారి దారితప్పినపుడు ఆ గంటల చప్పుడే నన్ను మనుష్యులున్న చోటికి చేర్చినది.

ఇక చరిత్ర. మందకాపరుల చరిత్ర రాజుల శాసనములలో తక్కువగాను, పాటలలో ఎక్కువగాను ఉన్నది. తెలుగునాట గొల్లలు పాడుకొను కాటమరాజు కథను మీరందరు వినియుందురు. పదమూడవ శతాబ్దమున నెల్లూరు నేలిన రాజు బీళ్లలో ఆలమందలను మేపుకొనుటకు కాటమరాజు ఒడంబడిక చేసికొనెను. పుల్లరి క్రింద కోడెదూడల నిచ్చుటకు ఒప్పుకొనెను. కరవు వచ్చెను, మాటపట్టింపు వచ్చెను, తుదకు ఎఱ్ఱగడ్డపాడున యుద్ధము జరిగెను. కథలో దేవతలు వత్తురు, అద్భుతములు జరుగును. వాటిని తీసివేసి చూచినచో మిగులునది యొక్క ప్రశ్న: గడ్డి యెవరిది? ఏడువందల సంవత్సరములు గడచినను ఆ ప్రశ్న పాతబడలేదు. 1922 ఫిబ్రవరిలో పల్నాడునందు కన్నెగంటి హనుమంతు ప్రాణములు విడిచినదియు అడవిలో పశువుల మేతపై విధించిన పుల్లరి నెదిరించియే కదా!

మన సీమలో రాజులకు బదులు జమీందారు లుండిరి. విజయనగరము, బొబ్బిలి, సాలూరు, కురుపాము, మందస, టెక్కలి, సరిహద్దున పర్లాకిమిడి, ఇట్లు నేల యంతయు సంస్థానములుగ నుండెను. జమీందారీ సీమలో సాగుభూమికి శిస్తు వలెనే మేతకు పుల్లరి యుండెడిది. ఐనను ఊరి ఉమ్మడిభూమి యనునది పూర్తిగా అంతరింపలేదు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టము గ్రామస్థుల ఉమ్మడి యుపయోగమునకు విడువబడిన భూములను ప్రత్యేకముగా గుర్తించినది. ఆ పిమ్మట 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము వలన జమీందారీలు పోయినవి. రైతు తాను దున్ను భూమికి పట్టా పొందెను. బంజరులు, పోరంబోకులు, అడవులు, చెరువులు ప్రభుత్వపరమయ్యెను. ఇది గొప్ప సంస్కరణమే; రైతు కులమున పుట్టిన నేను దాని మేలు నెఱుగుదును. కాని ఆనాడు పట్టా పొందుటకు దున్నిన గుర్తు కావలసియుండెను. మంద నడచిన చోట నాగటిచాలు ఉండదు. కాబట్టి కాపరి చేతికి కాగితము రాలేదు. చరిత్రలో ఇంత పెద్ద మార్పు అతని ప్రక్కనుండియే నడచిపోయెను.

1950 ఆగస్టు 15న విశాఖపట్టణము జిల్లానుండి శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడినవి. ఒకే మంద ఇప్పుడు ఒకే ఏడాదిలో రెండు జిల్లాలు దాటుట కలదు. గొఱ్ఱెలకు ఆ సంగతి తెలియదు. టీకాల రిజిస్టరు వ్రాయు మాకు మాత్రము తలనొప్పిగా నుండెడిది.

కాపరులకు కలిగిన మేళ్లను కూడ చెప్పకున్న న్యాయము కాదు. రిండర్‌పెస్టు అను పశువుల పెద్దరోగము పూర్వము ఊళ్లకు ఊళ్ల పశువులను తుడిచిపెట్టుచుండెను. 1954లో దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. దేశమున 1995 పిమ్మట ఆ రోగము కనబడలేదు. 2011లో భూమండలమంతట అది నశించినదని ప్రకటించిరి. మనుష్యుల మశూచి తరువాత మానవుడు పూర్తిగా రూపుమాపిన రోగము ఇది యొక్కటియే. ఈ పనిలో ఊరూర తిరిగి సూది వేసిన చిన్న ఉద్యోగుల పాలు ఎంతయున్నదో, రాత్రివేళ మందలను ఒక్కచోట చేర్చి నిలిపిన కాపరుల పాలును అంత యున్నది. చిటుకరోగము, గాలికుంటు, బొబ్బరోగము ఇంకను మిగిలియున్నవి. వీటికి టీకాలున్నవి, మంద దిగువకు వచ్చు తేది మా శాఖవారికి తెలిసిన చాలును.

వారికి మన శాస్త్రము తెలియదని తలంపవలదు. వానకాలమున మంచు ఆరకమునుపు మందను విడువరు. చెరువు అంచున నత్తలున్న చోట గడ్డి మేయనీయరు. కార్జమున చేరు జలగ ఆ నత్తల ద్వారా వచ్చునని నేను పుస్తకములో చదివితిని. "నత్తల గడ్డి మేస్తే గొర్రి ఎండిపోద్ది" అని ఒక ముదుసలి నాకు చదువకయే చెప్పెను.

ఈ వృత్తికి గల మఱొక ముఖము తప్పెటగుళ్లు. మీలో చూడనివా రుండరు. ఱొమ్మున రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, పదునైదు ఇరువదిమంది వలయముగ నిలిచి, పాడుచు, ఎగురుచు వాయింతురు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల యాదవుల సొంత కళ యిది. వానలు లేనపుడు ఊరివారు వారిని పిలిపించి ఆడించుట వాడుక. ఇప్పుడు ప్రభుత్వోత్సవములలో వేదికలపై ఆడుచున్నారు; సంతోషమే. ఐతే వేదికపై చప్పట్లు కొట్టిన చేతులే మరునాడు వారి మంద చెరువులో దిగు దారిని కంపవేసి మూయుటయు నేను చూచితిని.

ఇక నేడు వచ్చిన చిక్కు. దీనికి ఏ యొక్కరిని నిందింపజాలము. వంశధారపై గొట్టా బ్యారేజి, నాగావళిపై తోటపల్లి, సువర్ణముఖిపై మడ్డువలస మొదలగు కట్టడముల వలన నీరు వచ్చిన చోట రెండవ పంట వచ్చినది. నీరు లేని చోట కూడ వరి కోయకమునుపే మినుము, పెసర చల్లుచున్నారు. కోతల పిమ్మట ఖాళీగా నుండు మడి యిప్పుడు పచ్చగా నున్నది. మెట్టలలో సరుగుడు, నీలగిరి, జీడిమామిడి, మామిడి తోటలు లేచినవి. ఉద్దానమున 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడితోటలను కూల్చినపుడు రైతు కష్టమును అందరు చూచిరి. ఆ గాలివానలో పశువులను పోగొట్టుకొన్న ఇండ్ల గోడు అంతగా వినబడలేదు. మేతపోరంబోకులలో ఇండ్లస్థలములు, కార్యాలయములు, రోడ్లు వచ్చినవి. నిలువనీడలేని పేదకు ఇంటిస్థల మీయవద్దని నేను చెప్పను, చెప్పరాదు. కాని ఇచ్చునపుడు మేతకు బదులుచోటు చూపుట యెంతమందికి తోచినది?

2019 పశుగణనలో మన రాష్ట్రమున 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు తేలినవి. దేశమున తెలంగాణ తరువాత స్థానము మనది. గొఱ్ఱెల లెక్క తీయుచున్నాము. అవి నడచు బాటల లెక్క ఎవరును తీయుటలేదు.

ఒక సంగతి చెప్పెదను, ఊరిపేరు చెప్పను. ఒక వేసవి ముందు, పెసర కాయకట్టి యున్న కాలమున, నలుబది గొఱ్ఱెలు ఒక రైతు పొలమున పడినవి. పంటకు నష్టము జరిగినమాట నిజము. రైతు వాటిని బందెలదొడ్డికి తోలించెను. ఆ దొడ్డికి నీడ లేదు, తొట్టిలో నీరు లేదు. కాపరి అపరాధరుసుము తెచ్చుటకు బంధువుల యింటికి పోయి తిరిగి వచ్చుసరికి మరునాడు మధ్యాహ్నమైనది. మూడు పిల్లలును, చూలుతో నున్న ఒక గొఱ్ఱెయు చచ్చినవి. నన్ను పంచనామాకు పిలిచిరి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టము నేటికిని అమలులో నున్నది. బందెలదొడ్డిలో చేరిన పశువులకు మేతయు నీరును ఇచ్చుట దొడ్డికాపరి విధియని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆ మాట ఆనాడు అక్కడ నున్నవారిలో ఒక్కరికిని తెలియదు. నాకును అంతకుముందు తెలియదని ఒప్పుకొనుచున్నాను.

తగవు పంచాయతీకి వచ్చెను. రైతు నష్టమడిగెను, గొల్లవారు చచ్చిన జీవముల ధర అడిగిరి. రెండు పూటలు కేకలు. తుదకు ఒక వార్డుసభ్యురాలు, "అసలు మంద ఆ పొలంలోకి ఎందుకెళ్లిందో చూద్దాం, పదండి" అనెను. అందరము నడచితిమి. గెడ్డ దాటిన తరువాత మందలు పోవు పాతబాట ఒక తోటకంచెలో మునిగియుండెను. తోట వేసినవారు మఱొకరు. దారి లేక మంద పెసరచేను గట్టెక్కినది. రైతుకును కాపరికిని పుట్టిన తగవు నిజమున వారిద్దరిదియు కాదు.

ఇక్కడ మీ యధికారమును గుర్తుచేయుదును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము, ప్రభుత్వ వినియోగమునకు ప్రత్యేకముగా అవసరము లేని మేతభూములు, కల్లములు, శ్మశానములు, పశువులు నిలుచు స్థలములు, బండ్లు నిలుచు స్థలములు, తోపులు నియమములకు లోబడి గ్రామపంచాయతీకి దఖలు పడియున్నవి. అనగా మేతపోరంబోకు ఎవరిదియు కానిది కాదు; అది మీ చేతిలోనిది. గ్రామపు ఉమ్మడిభూముల ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రములకు ఆజ్ఞాపించినది. ఏజెన్సీ పంచాయతీల సభ్యులకు వేరుగా చెప్పవలసినది యున్నది: 2006 అటవీహక్కుల చట్టము వ్యక్తుల పోడుపట్టాలకు మాత్రమే పరిమితము కాదు. అడవిలో మేపుకొను హక్కును, ఋతువును బట్టి వచ్చిపోవు పశుపాలకుల హక్కును సాముదాయికహక్కుగా అది పేర్కొనుచున్నది. గ్రామసభ ద్వారా గౌడుల మేతకొండకు దరఖాస్తు పెట్టవచ్చును. పోడుపట్టాకు పెట్టినవారిని అనేకులను చూచితిని. మేతహక్కునకు పెట్టినవారిని చాల అరుదుగా చూచితిని.

2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల పునఃసర్వే ఆరంభమైనది. సర్వేబృందము మీ ఊరికి వచ్చినపుడు పట్టాదారు లందరు తమ గట్టుపై నిలబడియుందురు. బాటకు పట్టాదారు లేడు. దాని ప్రక్కన నిలబడు విధి పంచాయతీది. సర్వే ముగిసిన ఊళ్లవారు కొత్త నక్షాలో మేతభూమి యెంత చూపిరో, పాత రికార్డుతో సరిచూడుడు. చెరువులలోనికి పశువులు దిగు వాలు ఎక్కడ నుండెనో వృద్ధులనడిగి వ్రాసికొనుడు. మినుము, పెసర చల్లు ఊళ్లలో, మందకు ఏ వైపు పొలములు ఏ మాసము వరకు మూసియుండునో రైతులును కాపరులును కూర్చుండి ముందుగా అనుకొన్నచో సగము తగవులు పుట్టవు. బందెలదొడ్డిలో నీటితొట్టి కట్టుటకు ఎంత ఖర్చగునో మీరే లెక్కచూచుకొనగలరు.

నేను చెప్పిన ఆ ఊరిలో ఏమి జరిగినదని అడుగుదురు. తోట యజమాని మొదట ఒప్పుకొనలేదు. కంచె తీసినచో తన మొక్కలను మంద కొరుకునని వాదించెను; అది న్యాయమైన భయమే. కడకు బాటకు రెండువైపుల కంచె వేయుటకు, ఆ ఖర్చులో కొంత గొల్లపేటవారు శ్రమరూపమున ఇచ్చుటకు ఒప్పందమైనది. పెసర నష్టమును, చచ్చిన జీవముల ధరను రెండు పక్షములవారు వదలుకొనిరి. ఆ మధ్యాహ్నము పేటలోని యిద్దరు వృద్ధులు పంచాయతీ ఆఫీసు ముంగిట ఇసుకలో కఱ్ఱతో తమ బాటను గీసిరి: కొండదిగువ ఊట, గెడ్డరేవు, రెండు చెరువులు, మఱ్ఱిచెట్టు, ఏటియొడ్డు. పంచాయతీ కార్యదర్శి దానిని కాగితముపై దింపి, సర్వేనంబర్లు వేసి, తీర్మానమునకు జతచేసెను. ఆ కాగితము నకలు నాయొద్ద నున్నది. చూడదలచినవారు సమావేశము ముగిసిన పిమ్మట రండు, చూపెదను.